పహణీలో పన్నెండో గడి

రైతు మారడం లేదట. వానల తీరు మారింది, ఎండల తీరు మారింది, బళ్ళారి రైతు మాత్రం తాతల నాటి గొర్రు వదలడం లేదట. అతన్ని ఎలా మార్చాలో తేల్చడానికి ప్రశ్నపత్రాలు పట్టుకుని ఊళ్ళ మీదికి వస్తారు. వయసెంత? ఏ తరగతి దాకా చదివావు? ఇంట్లో ఎంతమంది? ఎన్నెకరాలు? బ్యాంకులో అప్పు పుట్టిందా? వ్యవసాయ శాఖ మనిషి ఏడాదికి ఎన్నిసార్లు కనబడ్డాడు? మార్కెట్టు ఎంత దూరం? జవాబులు గళ్ళలో పడతాయి, గళ్ళు పట్టికలవుతాయి, పట్టికలు సదస్సుకెక్కుతాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి కారు వాళ్ళెక్కుతారు.

ఆ పరిశోధనలు తప్పని నేననను. ఇథియోపియాలో నైలు పరీవాహకంలో వెయ్యి రైతు కుటుంబాలను అడిగి డెరెస్సా బృందం 2009లో ఒక పత్రం అచ్చువేసింది. ఈ విషయం మీద రాసేవాళ్ళందరూ దాన్నే తలుస్తారు. చదువు, ఆస్తి, అప్పు దొరకడం, వ్యవసాయ సలహా అందడం, వాతావరణ కబురు ముందే తెలియడం, ఇరుగుపొరుగు తోడు: ఇవి ఉన్న ఇల్లు మారుతుంది, లేనిది మారలేదు. అడ్డం పడేవి ముఖ్యంగా రెండు, కబురు అందకపోవడం, చేతిలో డబ్బు ఆడకపోవడం. ఆ తర్వాత ఏ దేశంలో అడిగినా జాబితా అటూ ఇటూగా అదే వచ్చింది. మన దగ్గరా అదే వస్తుంది. నా కోపం అడిగినవాళ్ళ మీద కాదు. ఆ జాబితా చదివి, తలాడించి, మళ్ళీ రైతు వైపే వేలు చూపించేవాళ్ళ మీద. అప్పు, సలహా, కబురు, మార్కెట్టు, భూమి కాగితం. ఇందులో రైతు చేతిలో ఉన్నది ఒక్కటి చూపించండి.

అసలు మారలేదని ఎవరన్నారు? బళ్ళారి చుట్టూ నల్లరేగడి. ఏడాదికి 500 మిల్లీమీటర్లు దాటీ దాటని వాన, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో. పూర్వం పుబ్బ, ఉత్తర కార్తెల్లో నేల బాగా తాగి పదునైతే హస్తలోపు జొన్న విత్తేవాళ్ళు, పక్కన శనగ, కుసుమ, పత్తి. పైన చుక్క పడకపోయినా భూమిలో దాగిన తేమతోనే జొన్న కంకి వేసేది. ఆ లెక్క ఇప్పుడు నిలవడం లేదు. ఉత్తర ఎండిపోతుంది, చిత్తలో రెండు రోజుల్లో నెల వాన కుమ్మరిస్తుంది. 2009 సెప్టెంబరు ఆఖరున, అక్టోబరు మొదట్లో వచ్చిన వరద సిరుగుప్ప నుంచి కర్నూలు దాకా ఏం చేసిందో అందరికీ తెలుసు. 2021 నవంబరులో కోతకొచ్చిన వరి మడిలోనే పడుకుని మొలకెత్తింది, కళ్ళాల్లో ఆరబోసిన మిరప బూజు పట్టింది. ఇది చూసిన రైతు ఊరికే కూర్చున్నాడా? జొన్న తగ్గించాడు. పొద్దుతిరుగుడు పట్టాడు, దానికి నెక్రోసిస్ తెగులు వస్తే వదిలాడు. బీటీ పత్తి వేశాడు. మొక్కజొన్న వేశాడు. బోరు వేశాడు, అది ఎండితే ఇంకొకటి వేశాడు. కాలువ నీళ్ళు ఆలస్యమవుతాయని అర్థమయ్యాక నారు పోసి నాట్లు వేయడం మాని వరిని డ్రిల్లుతో నేరుగా విత్తడం నేర్చాడు. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ పద్ధతిని మెచ్చుకుంటూ చెప్పారు, నిజమే. కానీ దాన్ని అంత వేగంగా పాకించింది ఉపన్యాసాలు కాదు, ఎండిన కాలువ. మొదటి విత్తనం మాడితే రెండోసారి విత్తాడు, విత్తనపు ఖర్చు రెండుసార్లు పెట్టుకుని. ఎద్దులు అమ్మాడు. కొడుకును బెంగళూరులో కాపలా ఉద్యోగానికి పంపాడు. ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోనే ఉండిన ఆదోని, ఆలూరు వైపు ఊళ్ళకు ఊళ్ళే ఇళ్ళకు తాళాలేసి సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోతాయి. ముసలివాళ్ళు, బడిపిల్లలు మిగులుతారు, కొన్నిసార్లు బడిపిల్లలూ మిగలరు.

ఇంత మారాడు. మారిన ప్రతిసారీ ఖర్చు ఎవరిది? అతనిదే. తప్పిన ప్రతిసారీ అప్పు ఎవరి నెత్తిన? అతని నెత్తినే. పట్టికల్లో ఈ గడి ఉండదు.

ఏం చేస్తే నేల తట్టుకుంటుందో తెలియక కాదు ఈ గతి. బళ్ళారిలోనే మట్టినీ వాననూ చదివే కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం 1954 నుంచి ఉంది. హగరిలో మెట్టసేద్యం మీద ప్రయోగాలు దానికంటే ముందు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలోనే మొదలయ్యాయి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే మనిషి చెయ్యి దూరేంత బీటలిస్తుంది. వేరే నేలల్లో పనికొచ్చిన సమతల గట్లు ఇక్కడ నిలవవు. వాన పెద్దదైతే గట్టు పైవైపు నీళ్ళు నిలిచి పైరు కుళ్ళుతుంది, ఎండకు గట్టు పగిలి తర్వాతి వానకు తెగిపోతుంది. ఆ కేంద్రం వాళ్ళు దశాబ్దాల పాటు చేలల్లో కొలిచి చెప్పింది ఇదీ: కొంచెం వాలు ఇచ్చిన గట్లు కట్టండి, మిగులు నీటిని గడ్డి వేసిన కాలువలోంచి కుంటకు మళ్ళించండి, ఆగస్టులోనే చేనంతా చిన్న చిన్న మడులుగా కట్టిపెడితే సెప్టెంబరు వాన ఎక్కడ పడింది అక్కడే ఇంకుతుంది. రాకెట్టు శాస్త్రమేమీ కాదు. రైతుకు చెబితే ఒక్క మాటలో పట్టుకుంటాడు.

పట్టుకున్నా కట్టలేడు. ఎందుకంటే ఆ చేను అతనిది కాదు.

ఇక్కడే ఆగాలి కాసేపు. ఈ కర్ణాటక, ఆంధ్ర సరిహద్దులో మిరప, పత్తి, వరి పండించే చేతుల్లో చాలా భాగం కౌలు చేతులు. గుత్తకు తీసుకున్నవాళ్ళు, కోరుకు చేసేవాళ్ళు. ఉగాదికి మాట, మళ్ళీ ఉగాదికి లెక్క. మాటంటే మాటే, కాగితం ఉండదు. ఎందుకుండదు? కర్ణాటకలో వ్యవసాయ భూమి కౌలుకివ్వడమే చట్టరీత్యా నిషిద్ధం కనుక. 1961 భూసంస్కరణల చట్టానికి 1974లో చేసిన సవరణ దున్నేవాడికే భూమి అంది. ఆ రోజున అది గొప్ప పని, ఎంతోమందికి భూమి దక్కింది. కానీ ఆ పని అయిపోయాక కౌలు ఆగలేదు, కౌలుదారు కనబడకుండా పోయాడు, అంతే. చట్టం దృష్టిలో అతను లేడు. లేని మనిషికి బ్యాంకు అప్పు ఇవ్వదు. లేని మనిషి పంటకు బీమా కట్టించుకోరు. లేని మనిషికి కరువు పరిహారం రాదు, కిసాన్ సమ్మాన్ పేరిట ఏడాదికి వచ్చే 6,000 రూపాయలు రావు, సబ్సిడీ డ్రిప్పు రాదు. 2014లో కృషి భాగ్య అని పథకం తెచ్చి చేను కుంటలు తవ్వించారు. మంచి పథకం. కుంట కోసం ఇంకొకడి భూమిలో గుంత తవ్వే హక్కు కౌలు రైతుకు ఎక్కడిది? వచ్చే ఉగాదికి ఆ చేను తనదో కాదో తెలియనివాడు మూడేళ్ళకు ఫలమిచ్చే గట్టు ఎందుకు కడతాడు?

అదే రాష్ట్రం 2020లో ఏం చేసిందో చూడండి. వ్యవసాయం చేయనివాళ్ళు, ఆదాయం ఎంతున్నా సరే, వ్యవసాయ భూమి కొనుక్కోవచ్చని చట్టం సవరించింది. 79ఎ, 79బి సెక్షన్లు ఎత్తేసింది. డబ్బున్నవాడు భూమి కొనడానికి అడ్డు తీసేశారు. దున్నేవాడు కౌలుకు తీసుకుంటే మాత్రం ఇప్పటికీ నేరం చేసినట్టే దాక్కోవాలి. కౌలును చట్టబద్ధం చేయమని నీతి ఆయోగ్ 2016లోనే నమూనా చట్టం రాసి రాష్ట్రాలకు పంపింది. ఏ బీరువాలో ఉందో ఎవరైనా వెతికారా?

సరిహద్దు గీతకు ఇటు ఆంధ్రలో బాగుందనుకుంటారేమో. ఇక్కడ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల కార్డు ఇస్తామంది. ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి. ఏ యజమాని పెడతాడు? భూమి చేజారుతుందని ఒక భయం, తన పేరున వచ్చే సాయం పోతుందని ఇంకొక భయం. చట్టం చేసినవాళ్ళకు ఈ సంగతి తెలియదంటే నమ్మాలా? 2020లో కేంద్ర పంటల బీమా నుంచి బయటికొచ్చాం, 2022లో మళ్ళీ చేరాం. ఈ రాకపోకల మధ్య రైతు ఏ ఏడాది ఏ బీమా కింద ఉన్నాడో చెప్పడం రైతు వల్ల కాదు, చాలాచోట్ల అధికారి వల్ల కూడా కాదు.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. గీత గీసిన పెద్దలు భాషను చూశారు, వానను చూడలేదు. తప్పేమీ కాదు, వానను చూసి రాష్ట్రాలు ఎవరూ గీయరు. కానీ 70 ఏళ్ళ తర్వాత కూడా ఒకే మబ్బు కింద, ఒకే రేగడిలో, ఒకే మిరప వేసి, ఒకే రోజున మాడిపోయిన రెండు చేలకు రెండు న్యాయాలా? 2023లో కర్ణాటక తన 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలంది, బళ్ళారి తాలూకాలూ అందులో ఉన్నాయి. ఆంధ్ర ఆ ఖరీఫుకు 103 మండలాలతో సరిపెట్టింది. ఇటు పల్లెపల్లెకూ రైతు భరోసా కేంద్రమని 10 వేలకు పైగా తెరిచి, ప్రభుత్వం మారగానే పేరు మార్చారు. అటు సలహాకు పోవాలంటే హోబళికొకటిగా ఉన్న రైత సంపర్క కేంద్రం. సరిహద్దు ఊళ్ళలో చేను అటు, ఇల్లు ఇటు ఉన్నవాళ్ళున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ వాళ్ళు పక్క రాష్ట్రం వాళ్ళే.

2023 కథ తారీఖుల వారీగా చెప్పుకోవాలి, లేకపోతే కోపం గాలిలో మాట అయిపోతుంది. సెప్టెంబరులో కరువు ప్రకటన, ఆ నెలలోనే కేంద్రానికి వినతిపత్రం. అక్టోబరు మొదట్లో కేంద్ర బృందం వచ్చి బీటలిచ్చిన చేలలో నిలబడి ఫొటోలు దిగి వెళ్ళింది. రాష్ట్రం అడిగింది 18,171 కోట్లు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. బెంగళూరు ఢిల్లీని తిట్టింది, ఢిల్లీ బెంగళూరును తిట్టింది. జనవరిలో రాష్ట్రం ఒక్కో రైతుకు 2,000 రూపాయల వరకు మొదటి విడత అని వేసింది. మార్చిలో ఒక రాష్ట్ర ప్రభుత్వం కరువు డబ్బు కోసం సుప్రీంకోర్టుకెక్కింది. ఏప్రిల్ ఆఖరున 3,454 కోట్లు విడుదలయ్యాయి. కాలెండరు చూడండి. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9. అంటే కౌలు లెక్కలన్నీ తేలిపోయాక, కౌలు రైతు ఆ చేను వదిలి వేరే చేను వెతుక్కున్నాక డబ్బు వచ్చింది. ఎవరి ఖాతాలోకి? పహణీలో, అంటే కర్ణాటక భూమి పత్రంలో, యజమానిగా పేరున్నవాడి ఖాతాలోకి. అతను బెంగళూరులో ఉన్నా, బళ్ళారిలో బట్టల అంగడి నడుపుతున్నా అతని ఖాతాలోకే.

ఎంత వచ్చింది? విపత్తు నిధి నిబంధన ప్రకారం మెట్ట పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి పారుదల పంటకు 17,000, అదీ రెండు హెక్టార్లకు మించకుండా. ఎకరాకు లెక్క కడితే మెట్టకు 3,440, తరికి 6,880. ఎకరా మిరపకు పెట్టుబడి లక్ష దాటుతుంది.

ఈ గడ్డకు ఈ లెక్క పాతదే. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు బళ్ళారి జిల్లా అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనికొచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలని తీర్మానించాడు. ఖజానా ఖర్చు తగ్గించడానికి. మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ అంతతో మనిషి పనిచేసి బతకడని మొత్తుకున్నాడు. 1871కీ 1881కీ మధ్య బళ్ళారి జనాభా అయిదో వంతు తరిగిపోయింది. ఆ తర్వాత విచారణ సంఘం వేశారు, కరువు నియమావళి రాశారు. ఇప్పుడు ఆకలిచావులు లేవు, నిజం, ఆ తేడాను నేను చిన్న చేయను. కానీ ఎంత తక్కువ ఇస్తే చాలు అనే ఆలోచన మాత్రం ఆ పౌను దగ్గరే నిలబడి ఉంది.

నీళ్ళ సంగతి. తుంగభద్ర ఆనకట్ట ఉంది కదా అంటారు. 1953లో నీళ్ళు నిలిపినప్పుడు 133 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు దాదాపు 106 పడుతుంది. 27 టీఎంసీల చోటు పూడికే తినేసింది. ఆ పూడిక ఒక్క రాత్రిలో రాలేదు, అందరూ చూస్తుండగా వచ్చింది. బదులుగా కొప్పళ జిల్లా నవలి దగ్గర ఇంకో జలాశయం కడతామని ఏళ్ళ తరబడి చెప్తున్నారు, మూడు రాష్ట్రాలు మాట్లాడుకుంటూనే ఉన్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి, జలాశయం నిండుగా ఉన్నప్పుడు, 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది. తెలుగువాడైన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ముసలితనంలో వచ్చి ప్రవాహంలోనే అడ్డుపలకలు దించి వారం రోజుల్లో నీళ్ళు ఆపాడు. ఆయనకు దండం. కానీ ఒక్క పెద్దమనిషి అనుభవం మీద మూడు రాష్ట్రాల రైతులు ఆధారపడి ఉండాల్సిన గతి ఎందుకొచ్చింది? 70 ఏళ్ళ గేట్లను ఎవరు చూడాలి? 1953 నుంచి తుంగభద్ర బోర్డు ఉంది, రెండు రాష్ట్రాల నీటి శాఖలున్నాయి. మరుసటేడు నీటిని 80 టీఎంసీల దగ్గరే ఆపారు, గేట్లు మార్చాలి కనుక రెండో పంటకు నీళ్ళు లేవన్నారు. గేట్లు మార్చాల్సిందే, కాదనను. చేయాల్సిన రోజుల్లో చేయని మరమ్మతుకు మూల్యం మాత్రం పంట విరామంతో రైతు చెల్లించాడు. వాతావరణం మారిందని ఆకాశాన్ని తిడతాం. గొలుసు తుప్పు పట్టింది ఆకాశం వల్ల కాదు.

ఇక కాలువ చివరి ఊళ్ళు. ఈ ప్రాజెక్టును వరి కోసం కట్టలేదు. కరువు సీమకు ఆరుతడి ఇచ్చి ఎక్కువ ఎకరాలను కాపాడాలని కట్టారు. కాలువ తలమీద వరి మడులు పరుచుకున్నాయి. 1950ల తర్వాత కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళు సిరుగుప్ప, కంప్లి, గంగావతి వైపు క్యాంపులు వేసుకుని రాళ్ళూ ముళ్ళూ ఏరి సోనామసూరి పండించారు. వాళ్ళ చెమటను తక్కువ చేయను. కానీ తలమీద తరి ఎంత పెరిగితే చివర అంత ఎండిందన్నది కూడా నిజమే, మనవాళ్ళు కాబట్టి దాచడం కుదరదు. నిబంధన రాసినవాళ్ళు, దాన్ని అమలు చేయాల్సినవాళ్ళు అన్నీ చూస్తూ ఊరుకున్నారు. తల మీద ఓట్లున్నాయి, రైసుమిల్లులున్నాయి. చివర ఉన్నది దుమ్ము పట్టిన తూము. ఎగువ కాలువ ఆంధ్రలో బొమ్మనహాళ్, కణేకల్ దాటి పోతుంది. ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో ముందే ఖాయంగా చెప్తే రైతు ఏ పంట వేయాలో తానే తేల్చుకుంటాడు. అతనికి కావలసింది ఉపన్యాసం కాదు, తారీఖు.

వాన కబురు చూద్దాం. దేశంలో మొట్టమొదట కరువును కనిపెట్టే కేంద్రాన్ని 1988లో పెట్టింది కర్ణాటకే. ఇవాళ ప్రతి గ్రామ పంచాయతీలో దానంతటదే లెక్క పంపే వానమాపకం ఉంది. హైదరాబాదులోని మెట్టసేద్య పరిశోధన సంస్థ క్రిడా వాళ్ళు జిల్లాకొక ప్రణాళిక రాసిపెట్టారు, బళ్ళారికీ ఉంది: వాన రెండు వారాలు ఆలస్యమైతే ఇది విత్తు, నాలుగు వారాలైతే అది విత్తు, ఆరు, ఎనిమిది. చక్కగా రాశారు. ఆరు వారాల తర్వాత విత్తమన్న ఆ విత్తనం ఆ వారం ఎక్కడ దొరుకుతుంది? ఏ అంగడిలో? దానికి జవాబు ఏ పేజీలోనూ లేదు. జిల్లా స్థాయిలో రైతుకు వాతావరణ సలహా ఇవ్వడానికి 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో తెరిచిన 199 విభాగాలను 2024లో కేంద్రం మూసేసింది. గుర్తుంచుకోండి, దేశమంతా వాతావరణ మార్పు మీద ప్రసంగాలు మోగుతున్న సంవత్సరంలో. మూసేస్తే రైతుకు సలహా ఎవరిస్తారు? మందుల అంగడాయన ఇస్తాడు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూతను కాల్చేసినప్పుడు రైతు మొదట పరుగెత్తింది అతని దగ్గరికే. ఈ డబ్బా కాకపోతే ఆ డబ్బా, అన్నీ అరువు మీద, నూటికి నెలకు రెండో మూడో వడ్డీ. పంట వచ్చాక దలాలి దగ్గర లెక్క సరి. అప్పు పుట్టే చోట, సలహా పుట్టే చోట, సరుకు పోయే చోట ఒకే మనిషి ఉంటే రైతు ఎటు తిరుగుతాడు?

మార్కెట్టు ఎంత దూరం అని ప్రశ్నపత్రంలో అడుగుతారు. బళ్ళారి మిరపకు హావేరి జిల్లా బ్యాడగి దూరం. ఇటు ఆంధ్ర రైతు కూడా అక్కడికే లారీ ఎత్తుతాడు. 2024 మార్చి 11న ధర ఒక్కసారిగా కూలితే రైతులు ఆ యార్డు కార్యాలయం మీద పడ్డారు, బండ్లు కాలాయి. మర్నాడు పత్రికలన్నీ హింసను ఖండించాయి. నేనూ మెచ్చుకోను. కానీ బళ్ళారిలోనే మిరప మార్కెట్టు పెట్టమని రైతులు ఎన్నేళ్ళు శాంతంగా అడిగారో ఎవరూ రాయలేదు. నీళ్ళు తక్కువ తాగే పంట వేయమంటారు. జొన్న వేస్తే, కొర్ర వేస్తే కొనేవాడెవరు, ఎంతకు? చిరుధాన్యాల సంవత్సరమని 2023లో ప్రపంచమంతా పండగ చేశారు, ఆ ఏడాదే మా చేలల్లో జొన్న మాడింది.

డబ్బు లేదని మాత్రం అనకండి. బళ్ళారి, చిత్రదుర్గ, తుమకూరు జిల్లాల్లో ఇనుప గనులు చేసిన గాయాలు మాన్పడానికి సుప్రీంకోర్టు కనుసన్నల్లో ఒక సంస్థే ఉంది, దాని ప్రణాళిక 20 వేల కోట్లకు పైబడినది. ఆ డబ్బు ఏళ్ళ తరబడి బ్యాంకుల్లోనే మూలిగింది. సండూరు కొండలను తవ్వి పోసిన ఎర్రదుమ్ము ఏ చేల మీద పడిందో ఆ చేలకు గట్లు కట్టడానికి, చెరువుల పూడిక తీయడానికి అందులో ఎంత దక్కుతుందో లెక్క ఊరి గోడ మీద రాయండి.

ఇంకో సంగతి, అందరూ దాటేసేది. ప్రశ్నపత్రంలో ‘ఇంటి యజమాని’ అని ఉంటుంది. ఆ యజమాని బెంగళూరులో కాపలా కాస్తుంటాడు. కలుపు తీసేది, మిరప కోసేది, అంగడి అప్పు వాయిదా వేయమని బతిమాలేది, విత్తనం మార్చాలా వద్దా అని రాత్రిపూట లెక్క వేసేది ఆమె. ఆమె పేరు ప్రశ్నపత్రంలో లేదు, పహణీలో లేదు, బ్యాంకు పాసుబుక్కులో లేదు. కౌలు రైతు భార్య అయితే ఆమె రెండుసార్లు లేదు.

నన్ను అడిగితే ఈ ఇళ్ళు మారడానికి అడ్డం పడే కారణాలన్నిట్లోకీ ముందుది ఇదే: పైరు ఎవరిదో ప్రభుత్వానికి తెలియకపోవడం. తెలియదా, తెలుసుకోదా? కర్ణాటకలో ఫోనులో ఫొటోలు తీసి ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ప్రతి కారుకూ లెక్క రాస్తారు. మిరప మొక్క కనబడుతుంది, దాన్ని నాటిన మనిషి కనబడడు. విచిత్రమేమిటంటే కన్నడ పహణీలో తొమ్మిదో గడి యజమానిది, పన్నెండో గడి సాగు చేసేవాడిది. ఆ గడి ఎప్పటినుంచో ఉంది. 1970ల్లో కౌలుదారులు భూమి అడిగినప్పుడు ఆ గడిలోని పేరే సాక్ష్యమైంది. అప్పటి నుంచి యజమానులు అందులో ఇంకొకరి పేరు పడనివ్వరు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. ఆ భయం తీర్చేది చట్టమే. కౌలును ఒప్పుకోండి. పన్నెండో గడిలో పేరు పడితే యజమాని భూమికి ఢోకా లేదని ఒక్క సెక్షన్ రాయండి. యజమాని సంతకం అడక్కండి, ఆంధ్రలో అడిగి ఏమైందో చూశారు. గ్రామ లెక్కాధికారి చేనికి వెళ్ళాలి, చేనులో ఎవరున్నారో చూడాలి, మగమనిషైతే మగమనిషి పేరు, ఆడమనిషైతే ఆమె పేరు రాయాలి. ఈ ముంగారుకే రాయాలి. పరిహారం, బీమా, అప్పు, కుంట, డ్రిప్పు అన్నీ ఆ పేరు వెనకే నడవాలి. ఆంధ్రలో అడంగల్‌కూ ఇదే పని చేయాలి, అదే రోజున చేయాలి, ఎందుకంటే చేను అటు, ఇల్లు ఇటు ఉన్నవాళ్ళు మళ్ళీ రెండు చోట్లా లేకుండా పోతారు.

అది చేశాక రండి, ప్రశ్నపత్రాలు పట్టుకుని. వయసెంత, ఏ తరగతి అని అడగండి. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి చెప్తాం.